ఆసుపత్రిలో మీ మనిషి పేరు, వర్గం, కొలతలు తప్పిపోకుండా చూసుకోవడం ఎలా

తిరుపతిలో ఏ పెద్ద ఆసుపత్రి వరండాలోనైనా నిలబడి ‘మునిరత్నం’ అని గట్టిగా పిలిస్తే ఇద్దరు ముగ్గురు లేచి వస్తారు. ‘వెంకటేశ్వర్లు’ అని పిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కొండ మీది స్వామి పేరు, కొండ కింది అమ్మవారి పేరు ఇంటింటా పెట్టుకునే ప్రాంతం కాబట్టి శ్రీనివాసులు, బాలాజీ, పద్మావతి, మునెమ్మ వంటి పేర్లు ఒక్కో వార్డులో రెండు మూడు కనిపించడం ఇక్కడ మామూలు విషయం.

కొన్నేళ్ల క్రితం మా నాన్నగారిని ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఉదయం రౌండ్లకు వచ్చిన వైద్యుడు ఫైలు తిరగేసి, కిడ్నీల పనితీరు బాగానే ఉందని, ఆపిన మందును మళ్లీ మొదలుపెట్టవచ్చని చెప్పారు. నేను ఆ రిపోర్టు తీసుకుని చూస్తే దాని మీద వయసు 42 అని ఉంది; మా నాన్నగారికి అప్పటికి 71 ఏళ్లు. అదే పేరున్న మరొకరి రక్తపరీక్ష ఫలితం మా ఫైలులోకి వచ్చి చేరింది. నర్సు వెంటనే సరిదిద్దారు, ఎవరికీ హాని జరగలేదు, కానీ వెంట ఉన్నవాళ్లు కాగితాలు చదవవలసిన అవసరం నాకు ఆ రోజే అర్థమైంది.

చికిత్స మొదలుపెట్టేలోపు ఆసుపత్రి మూడు పనులు చేస్తుంది: వచ్చిన మనిషి ఎవరో తేల్చుకుంటుంది, ఏ కోవకు చెందుతాడో నిర్ణయిస్తుంది, ఒంట్లోని స్థితిని సంఖ్యలుగా రాసుకుంటుంది. మొదటిది తప్పితే మిగిలిన రెండూ ఎంత జాగ్రత్తగా చేసినా అవి వేరొకరికి చేసినట్టే. ఈ మూడింటిలోనూ రోగి వెంట వెళ్లే మీరు ఏం చూసుకోవాలో, ఎప్పుడు నోరు తెరిచి అడగాలో కింద వరుసగా రాస్తున్నాను.

మొదట ఇంటి దగ్గర: పేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా చేసుకోండి

ఆసుపత్రికి బయలుదేరే ముందు రోగి ఆధార్ కార్డును, రేషన్ కార్డును, పాత ఆసుపత్రి చీటీలను ఒకచోట పెట్టి, వాటన్నింటిలో పేరు ఒకే విధంగా ఉందో లేదో చూడండి. మన ప్రాంతంలో ఇక్కడే తిరకాసు ఉంది. తెలుగువారు పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరం పెట్టుకుంటారు. తమిళ సంప్రదాయం ఉన్న కుటుంబాలు తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటాయి. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు ఒకే వీధిలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. చిత్తూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణించి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లిన మునిరత్నం అక్కడి గుమాస్తా చేతిలో తమిళ ఉచ్చారణ ప్రకారం ‘మునిరత్తినం’ అయి తిరిగి వస్తాడు. ఆ కాగితాలను తిరుపతిలో చూపించినప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కలవక, కంప్యూటరు అతణ్ణి కొత్త మనిషిగా భావిస్తుంది. అందువల్ల ఎక్కడికి వెళ్లినా ఆధార్‌లో ఉన్న అక్షరాలనే రాయించండి, కౌంటరు దగ్గర నోటితో చెప్పకుండా కార్డు చూపించండి, చీటీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదువుకోండి. పెళ్లయిన స్త్రీల విషయంలో పుట్టింటి ఇంటిపేరు ఒక కాగితంలో, అత్తింటి ఇంటిపేరు మరో కాగితంలో ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి మరింత శ్రద్ధ అవసరం.

పుట్టిన తేదీ సంగతి వేరు. పల్లెల్లో పెద్దవాళ్లలో చాలామందికి అసలు తేదీ తెలియదు. ఆధార్‌లో జనవరి 1 అనో, బడిలో చేర్చిన రోజు పంతులుగారు వేసిన తేదీ అనో ఉంటుంది. గుర్తింపు కోసం మీరు ఎప్పుడూ ఆధార్‌లోని తేదీనే వాడండి. వైద్యుడికి మాత్రం అసలు వయసు సుమారుగానైనా చెప్పండి. కిడ్నీలు ఎంత శాతం పనిచేస్తున్నాయో లెక్కకట్టే సూత్రంలోను, గుండెజబ్బు ముప్పు అంచనాలోను వయసు ఒక భాగం కాబట్టి, కాగితం మీద పదేళ్లు తగ్గితే లెక్క కూడా ఆ మేరకు మారుతుంది. వయసు తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడాదికి, అంటే 1983కు, పెళ్లయిందా, పెద్ద బిడ్డ పుట్టిందా అని అడిగితే పెద్దవాళ్లు ఠక్కున చెబుతారు.

ఒక చిన్న మాట. మొక్కు తీర్చుకుని గుండుతో ఉన్న మనిషి ఆధార్ ఫొటోతో పోలకపోవడం మన ఊళ్లో రోజూ జరిగేదే. కౌంటరు దగ్గర ఎవరైనా సందేహిస్తే విసుక్కోకండి. ఆ సందేహం ఉండవలసిందే.

ఇవన్నీ ఒక నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి: ఆధార్‌లో ఉన్నట్టుగా పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, రక్తవర్గం, పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందుల పేర్లు మోతాదులతో సహా. రక్తవర్గం మీరు రాసుకున్నా ఆసుపత్రి దాన్ని నమ్మి రక్తం ఎక్కించదు, మళ్లీ పరీక్షిస్తుంది. అలా చేయడమే సరైన పద్ధతి.

రెండవది: ఏ నంబరు దేనికో తెలుసుకోండి

ఒక రోగికి ఒకే ఆసుపత్రిలో నాలుగైదు నంబర్లు రావచ్చు. మొదటిసారి పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చేది ఆ ఆసుపత్రిలో జీవితాంతం ఉండే నంబరు. దీన్ని యూహెచ్‌ఐడీ అని, కొన్నిచోట్ల హాస్పిటల్ నంబరు అని అంటారు. ఓపీ చీటీ నంబరు ఆ రోజుకు సంబంధించినది. వార్డులో చేర్చినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు డిశ్చార్జి వరకే పనికొస్తుంది. ల్యాబు శాంపిల్‌కు మరో నంబరు ఉంటుంది. ఇందులో మీరు ఎప్పటికీ పోగొట్టుకోకూడనిది మొదటిదే.

తిరుపతిలో రుయా, స్విమ్స్, మెటర్నిటీ, బర్డ్ ఆసుపత్రులు అలిపిరి దారి వైపు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నా, ఒకచోట ఇచ్చిన నంబరు మరోచోట చెల్లదు. ఇది తెలియక ఒక ఆసుపత్రి చీటీని మరో ఆసుపత్రి కౌంటరులో చూపించి గంటసేపు వాదించేవాళ్లను చూస్తూనే ఉంటాం. పాత నంబరు పోయిందని అదే ఆసుపత్రిలో కొత్తగా పేరు నమోదు చేయించుకోవడం మరింత నష్టం. మీ మనిషి పాత ఎక్స్‌రేలు, పాత ఆపరేషన్ వివరాలు ఒక నంబరు కింద, కొత్తవి మరో నంబరు కింద పడి రెండూ ఎన్నటికీ కలవవు. నమోదు కౌంటరులో ఫోన్ నంబరు చెప్పి పాత వివరాలు వెతకమని అడగండి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

ఆసుపత్రుల మధ్య ఉన్న ఈ గోడలను దాటడానికి ఏర్పాటు చేసినదే ఆభా సంఖ్య. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఈ సంఖ్యలో 14 అంకెలుంటాయి. ఆధార్‌లో 12 ఉంటాయి కాబట్టి రెండింటినీ తికమక పడకండి. దీన్ని ఉచితంగా తీసుకోవచ్చు, తీసుకోవడం తప్పనిసరి కాదు, మీ అనుమతి లేకుండా ఒక ఆసుపత్రి రికార్డులు మరొకరికి కనిపించవు. ఈ విధానం ఉన్న ఆసుపత్రిలో గోడ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పేరు, వయసు నేరుగా కంప్యూటరులోకి వెళ్లి ఓపీ టోకెన్ వస్తుంది. వరుసలో నిలబడే పని తగ్గడం కన్నా, గుమాస్తా చేతిలో పేరు అక్షరాలు మారిపోయే ప్రమాదం తప్పడమే దీనిలో అసలు లాభమని నా అభిప్రాయం.

పథకం కార్డు వేరే వ్యవహారం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో చికిత్స పొందాలంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటరుకు వెళ్లాలి. అక్కడ కూడా పేరు, కుటుంబ వివరాలు కార్డుతో సరిపోలాలి.

మూడవది: వార్డులో ప్రతిసారీ రెండు గుర్తులు అడిగించండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన తొమ్మిది రోగి భద్రతా సూత్రాలలో రోగిని సరిగ్గా గుర్తించడం ఒకటి. రోగికి ఏది చేయబోయినా ముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, గది నంబరును గుర్తుగా తీసుకోకూడదని దాని సారాంశం. మంచం నంబరుకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద ఆసుపత్రుల్లో మంచాలు రాత్రికి రాత్రి మారిపోతుంటాయి. ‘పదిహేడో బెడ్డు పేషెంటు’ నిన్న ఒకరు, ఈరోజు మరొకరు.

అయితే ఎలా అడుగుతున్నారన్నది కూడా ముఖ్యమే. ‘మునిరత్నమేనా?’ అని అడిగితే చెవుడున్న పెద్దాయన, నిద్రమత్తులో ఉన్నాయన, సిస్టరమ్మను కష్టపెట్టడమెందుకు అనుకునే మర్యాదస్థుడు ముగ్గురూ ‘ఆఁ’ అనే అంటారు. ‘తాతా, నీ పేరేంది? మీ నాయన పేరేంది?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని చేతి పట్టీతోను, కాగితంతోను పోల్చుకోవాలి. సిబ్బంది అలా అడగకపోతే మీరే ముందుగా పూర్తి పేరు, వయసు చెప్పండి. ఇందులో ఎవరూ నొచ్చుకోవలసిందేమీ లేదు.

ముఖ్యంగా ఐదు సందర్భాల్లో అటుఇటు కదలకుండా పక్కనే ఉండండి: ఇంజెక్షన్ లేదా మందు ఇచ్చేటప్పుడు, రక్తం తీసేటప్పుడు, రక్తం ఎక్కించేటప్పుడు, స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు, ఆపరేషన్ థియేటరుకు ట్రాలీ కదిలేటప్పుడు. రక్తం తీసినప్పుడు ఆ గొట్టం మీద పేరు, నంబరు మంచం పక్కనే రాయాలి. నలుగురి దగ్గర రక్తం తీసి, ట్రేలో పెట్టుకుని, నర్సుల బల్ల దగ్గరికి వెళ్లి తర్వాత లేబుళ్లు అంటించే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే మర్యాదగానే అభ్యంతరం చెప్పండి.

రక్తం ఎక్కించడం దగ్గర మరింత ఆగి చెప్పాలి. రక్తవర్గాలను కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వివరించాక, వర్గం కలవని రక్తం ఎక్కితే ప్రాణాపాయం ఎందుకు కలుగుతుందో వైద్యులకు తెలిసింది. నేటికీ వర్గం తప్పి రక్తం ఎక్కడానికి ప్రధాన కారణం పరీక్షలో లోపం కాదు, మనిషిని పొరబడటమే: శాంపిల్ ఒకరిది, పేరు మరొకరిది, లేదా సంచి ఒకరిది, మంచం మరొకరిది. అందువల్ల సంచి వేలాడదీయడానికి ముందు ఇద్దరు సిబ్బంది కలిసి సంచి మీది పేరు, నంబరు, వర్గం, గడువు తేదీని రోగి చేతి పట్టీతో, కేస్ షీటుతో పోల్చి పైకి చదవాలి. ఎక్కించడం మొదలైన మొదటి పావుగంట రోగి ముఖం చూస్తూ ఉండండి. చలి, వణుకు, నడుము నొప్పి, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే వెంటనే పిలవండి.

కాన్పు అయిన బిడ్డకు పేరు ఉండదు కాబట్టి ‘మునెమ్మ బిడ్డ’ అని తల్లి పేరుతోనే పట్టీ కడతారు. కవలలైతే ఒకటి, రెండు అని పుట్టిన వరుస రాస్తారు. కాన్పు గదిలోనే తల్లి చేతికి, బిడ్డ చేతికి లేదా కాలికి ఒకే నంబరు పట్టీలు కట్టారో లేదో చూసి, ఆ నంబరు మీ నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.

తిరుమల యాత్రకు వచ్చినవాళ్లకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త. శ్రీవారి ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు కాబట్టి క్యూలోకి వెళ్లే ముందు వాటిని కౌంటరులో అప్పగిస్తాం. నడక దారిలో, అంటే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు, పెద్దవాళ్లు మనవళ్ల కన్నా వెనకబడి ఒంటరిగా మిగిలిపోతారు. అలాంటి సమయంలో సొమ్మసిల్లి పడిపోతే ఆ మనిషి ఆసుపత్రి రికార్డులో ‘గుర్తు తెలియని పురుషుడు, సుమారు 65’ అవుతాడు. షుగరు మందు వాడుతున్నాడో, రక్తం పలచబడే మందు వాడుతున్నాడో ఎవరికీ తెలియదు. జేబులో లేదా కొంగు ముడిలో ఒక చీటీ పెట్టి పంపండి. దాని మీద పేరు, ఊరు, ఇద్దరి ఫోన్ నంబర్లు, జబ్బులు, మందులు ఉంటే చాలు.

నాలుగవది: ఏ వర్గంలో వేశారో అడిగి తెలుసుకోండి

క్యాజువాల్టీలో ముందు వచ్చినవారిని ముందు చూడరు. ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందో వారిని ముందు చూస్తారు. ఈ వడపోతను ట్రయాజ్ అంటారు. ఎరుపు అంటే ఇప్పుడే చూడాలి, పసుపు అంటే కొంత ఆగవచ్చు కాని కనిపెట్టి ఉండాలి, పచ్చ అంటే వేచి ఉండవచ్చు. బస్సు ప్రమాదం వంటి ఘటనలో ఒకేసారి పదిమంది వచ్చినప్పుడు వాడే పద్ధతులలో ఒకటి చాలా సరళమైనది: నడవగలిగినవారు పచ్చ; నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, మణికట్టు దగ్గర నాడి దొరకకపోయినా, చెప్పిన మాట ప్రకారం చేయి బిగించలేకపోయినా ఎరుపు; మిగిలినవారు పసుపు. ఊపిరి ఆగినవారికి శ్వాసమార్గం సరిచేసినా ఊపిరి రాకపోతే నలుపు, అంటే ప్రాణం నిలిచే ఆశ లేదని.

కాబట్టి గట్టిగా అరిచేవాడి కన్నా అరవలేనివాడు ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. మీ మనిషి పసుపులో ఉండి స్థితి దిగజారితే, మాట తడబడినా, చెమటలు పట్టినా, మగతగా మారినా, ‘ఇందాకటికన్నా ఇప్పుడు ఇలా మారింది’ అని చెప్పి మళ్లీ చూడమని అడగండి. వర్గం ఒకసారి వేస్తే శాశ్వతం కాదు. 108 అంబులెన్సులో వచ్చినప్పుడు లక్షణం మొదలైన సమయాన్ని గడియారం ప్రకారం చెప్పడం అన్నిటికన్నా విలువైన సమాచారం. పక్షవాతం, గుండెపోటు చికిత్సలలో ఇవ్వదగిన మందు ఆ గంటల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రమాదాలు, విషం, కాలిన గాయాలు వంటివి మెడికో లీగల్ కేసుగా నమోదవుతాయి, పోలీసులకు సమాచారం వెళుతుంది. దానికి భయపడి నిజం దాచవద్దు.

ఇక జబ్బు పేరు. కేస్ షీటులో జబ్బుకు ముందు ప్రశ్నార్థకం ఉంటే అది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు. ఇంటర్ చదివిన మేనల్లుడు ఫైలు తెరిచి ‘? కేన్సర్’ అని చదివి ఊరంతా ఫోన్లు చేయడం, ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగకపోవడం, చివరికి అది మామూలు గడ్డ అని తేలడం నేను కళ్లారా చూశాను. చేర్చిన రోజు రాసేది తాత్కాలిక నిర్ధారణ. పరీక్షలన్నీ వచ్చాక రాసేది తుది నిర్ధారణ. మీరు పట్టించుకోవలసింది రెండోదే. దానిని ప్రపంచమంతటా ఒకే విధంగా లెక్కించడానికి అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలోని సంకేతం ఇస్తారు. ఈ వర్గీకరణ మూలాలు 1893లో జాక్ బెర్టిలాన్ సమర్పించిన మరణ కారణాల జాబితాలో ఉన్నాయి. పదవ కూర్పు దీర్ఘకాలం వాడుకలో ఉంది, పదకొండవది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పదవ కూర్పులో ఐ10 అంటే ఏ ఇతర కారణమూ కనబడని రక్తపోటు. ఇ11 అంటే టైప్ 2 మధుమేహం. చుక్క తర్వాత 2 ఉంటే కిడ్నీ, 3 ఉంటే కన్ను, 4 ఉంటే నరాలు దెబ్బతిన్నాయని, 9 ఉంటే అలాంటి చిక్కులు లేవని అర్థం. బీమా క్లెయిము వేసేవాళ్లు ఈ చుక్క తర్వాతి అంకెను చూసుకోవాలి. కాలు పుండుతో నెల రోజులు పడుకున్న మనిషికి ‘చిక్కులు లేవు’ అన్న సంకేతం పడితే ఖర్చుకూ జబ్బుకూ పొంతన కుదరదు.

దీర్ఘకాలిక జబ్బులకు దశలు కూడా ఉంటాయి. కిడ్నీ జబ్బులో వడపోత సామర్థ్యం (రిపోర్టులో eGFR) 60 కన్నా తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే మూడవ దశ, 30 కన్నా తగ్గితే నాలుగు, 15 కన్నా తగ్గితే ఐదు. ఒక్క రిపోర్టును బట్టి దశ చెప్పరు. వాంతులు, విరేచనాలతో నీరసించి వచ్చిన రోజు, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ పెరగవచ్చు, సెలైన్ ఎక్కాక దిగవచ్చు.

ఐదవది: కొలత ఎలా తీశారో గమనించండి

బరువుతో మొదలుపెడదాం. చెప్పులు, బరువైన బట్టలు తీసి, ప్రతిసారీ వీలైనంతవరకు ఒకే యంత్రం మీద చూడాలి. పెద్దవాళ్ల విషయంలో ఒక కిలో తేడా వచ్చినా ఫరవాలేదు గాని, చిన్నపిల్లలకు మందు మోతాదు బరువును బట్టే లెక్కిస్తారు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు. చీటీలో బరువు 20 అని పడితే మోతాదు రెట్టింపవుతుంది. అందుకే ‘పోయిన నెల చూశాం’ అని చెప్పకుండా బిడ్డను ఆ రోజే తూకం వేయించండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు బిడ్డల భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకలోపం కింద లెక్క. అంగన్‌వాడీ టేపులో ఎరుపు రంగు సూచించేది అదే.

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో, అంటే ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చేదానితో, భాగిస్తే బీఎంఐ వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న మనిషికి అది 25.7. అంతర్జాతీయ పట్టికలో ఇది కాస్త అధిక బరువు మాత్రమే. కాని భారతీయుల శరీర తత్వాన్ని దృష్టిలో పెట్టుకుని 2009లో మన దేశ నిపుణులు సూచించిన హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము కొలత కూడా చూడాలి: మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. ఒకే మనిషి ఒక పట్టికలో ఒకలా, మరో పట్టికలో మరోలా కనిపించడానికి కారణం ఇదే.

బీపీ అన్నిటికన్నా ఎక్కువగా తప్పు వచ్చే కొలత. బస్సు దిగి, మెట్లెక్కి, ఆయాసపడుతూ కూర్చోగానే పట్టీ చుడితే వచ్చే సంఖ్య మీ మనిషిది కాదు, ఆ ప్రయాణానిది. కాఫీ, టీ, బీడీ తర్వాత అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఆనాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత వాడాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడటం మంచిది. ఆసుపత్రిలో 140/90, ఇంటి దగ్గర 135/85 హద్దు. ఆసుపత్రి వాతావరణానికే పెరిగే బీపీ చాలామందిలో ఉంటుంది కాబట్టి ఈ తేడా. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయనే పెద్దవాళ్లకు నిలబెట్టి కూడా చూడమని అడగండి. మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గితే మందు మోతాదును పునరాలోచించవలసి రావచ్చు.

షుగరు దగ్గర మన ఊరి ప్రత్యేకత ఒకటుంది. లడ్డు ప్రసాదం తిన్న చేతిని పంచెకు తుడుచుకుని వేలు పొడిపించుకుంటే, వేలికి అంటిన తీపి కూడా ఆ చుక్కలో కలిసి మీటరు పెద్ద సంఖ్య చూపుతుంది. సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చాకే పొడిపించుకోండి. ఇంట్లో వాడే మీటరు ల్యాబు ఫలితం కన్నా 15 శాతం వరకు అటుఇటుగా ఉండటానికి ప్రమాణాలే అనుమతిస్తాయి. అందువల్ల మీటరును బట్టి మధుమేహం ఉందని నిర్ధారించరు. ల్యాబు పరీక్షలో కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో 126 లేదా అంతకన్నా ఎక్కువ, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200 లేదా ఎక్కువ, మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఎక్కువ ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలు లేకపోతే మరోసారి నిర్ధారించుకుంటారు. గ్లూకోజు బదులు భోజనం తర్వాత చేసే పరీక్షలో రెండు గంటలంటే మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టించవచ్చు కాబట్టి ఆ సంగతి వైద్యుడికి గుర్తుచేయండి. పరీక్షకు ముందు రెండు రోజులు రాగిసంగటి కూడా మానేసి పథ్యం చేసి, మంచి సంఖ్య తెచ్చుకుని సంతోషించేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు; హెచ్‌బీఏ1సీ వాళ్ల గుట్టు ఎలాగూ బయటపెడుతుంది.

వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరుకు గోళ్ల రంగు, చల్లబడ్డ వేళ్లు అడ్డం వస్తాయి. ముదురు చాయ చర్మం మీద అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశం ఉందని 2020లో అమెరికాలో ఒక పరిశీలన వెలువడింది. అందుచేత సంఖ్య బాగుందని చెప్పినా మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి. ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు పసిబిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ల లోపు బిడ్డకు 40 లేదా అంతకన్నా ఎక్కువైతే అది వేగమైన శ్వాస, ఆలస్యం చేయకూడదు.

తలకు దెబ్బ తగిలినవారి స్పృహను 1974లో గ్లాస్గోలో రూపొందించిన కొలమానంతో 3 నుంచి 15 వరకు అంకెలలో రాస్తారు: కన్ను తెరవడానికి గరిష్ఠంగా 4, మాటకు 5, కదలికకు 6. ఇందులో మాటకు ఇచ్చే మార్కుల దగ్గర మన సరిహద్దు ప్రాంతంలో పొరపాటుకు తావుంది. కుప్పం, పలమనేరు వైపు నుంచి వచ్చిన, తమిళమో కన్నడమో మాత్రమే తెలిసిన ముసలామెను తెలుగులో ప్రశ్నిస్తే ఆమె పొంతన లేని జవాబు చెప్పవచ్చు. దాన్ని స్పృహ తప్పడంగా రాసుకునే ప్రమాదం ఉంది. ఆమె ఏ భాష మాట్లాడుతుందో, చెవుడు ఉందో లేదో ముందే చెప్పి, మీరు పక్కన ఉండి అడిగించండి.

గర్భిణుల విషయంలో లెక్క మొత్తం చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజుల మీద నడుస్తుంది. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ. ఆ తేదీ గుర్తులేని ఆడవాళ్లను ‘గంగజాతరకు ముందా, తర్వాతా?’ అని అడిగితే గుర్తుకు వస్తుంది. వచ్చిన సమాధానాన్ని క్యాలెండరు తేదీగా మార్చి తల్లీబిడ్డల కార్డులో రాయించండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే దాన్ని కూడా ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.

చివరగా: డిశ్చార్జి కాగితం కౌంటరు దాటకముందే చదవండి

ఇంటికి వెళ్లే తొందరలో బిల్లు మాత్రమే చూసి సమ్మరీ మడిచి సంచిలో పెట్టుకుంటాం. అలా చేయకుండా పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, తుది నిర్ధారణ, ఆపరేషన్ జరిగితే కుడి ఎడమల వివరం, పడని మందులు, ఇంటి దగ్గర వాడవలసిన మందుల మోతాదు అక్కడే నిలబడి సరిచూడండి. తప్పు కనిపిస్తే పెన్నుతో దిద్దించుకోవడం కాకుండా కంప్యూటరులోనే మార్పించి కొత్త ప్రతి తీసుకోండి. లేకపోతే కాగితం ఒకటి, ఆసుపత్రి రికార్డు మరొకటి అవుతాయి. తర్వాత ఎప్పుడైనా కేస్ షీటు నకలు కావలసివస్తే రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. 2002 నాటి భారతీయ వైద్య మండలి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, చేర్చుకున్న రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. దరఖాస్తు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని, దాని ఫొటో ఒకటి ఫోనులో ఉంచుకుని, కొత్త నంబర్లు ఏవైనా వచ్చి ఉంటే వాటిని నోటుపుస్తకం మొదటి పేజీలో ఎక్కించండి.